మోయని కమాను నాకొద్దు

పోయిన మాఘంలో బెజవాడలో మా చుట్టాల గృహప్రవేశానికి వెళ్ళాం. మూడో అంతస్తులో కొత్త ఫ్లాటు. హాల్లో టీవీ పెట్టిన గోడకి ఇటుక కమాను కనిపించింది. ఎర్రటి ఇటుకలు, మధ్యలో తెల్లటి గీతలు, నడినెత్తిన మిగిలినవాటికంటే కాస్త పెద్ద ఇటుక. చూడగానే మనసు అటు లాగింది. గుంటూరులో మా పాత వంటింటి పొయ్యి మీద కమాను కుంగి అప్పటికి మూడు నెలలు. దాన్నేం చేయాలో తేలక ఇంట్లో రోజూ ఆ మాటే నడుస్తోంది. దగ్గరికి వెళ్ళి వేలితో తట్టాను. డొల్లగా మోగింది. ప్లైవుడ్ చట్రం, దాని మీద జిప్సం, ఆ పైన అర అంగుళం మందం ఇటుక టైల్స్.

"పాత ఇళ్ళ లుక్ రావాలని చేయించాం వదినా" అంది ఇంటావిడ సంతోషంగా. బాగుందన్నాను. మాటవరసకి కాదు, నిజంగానే బాగుంది.

కానీ తిరిగొచ్చేటప్పుడు మంగళగిరి దాటినా ఆ డొల్ల చప్పుడు చెవిలోంచి పోలేదు. ఎందుకంటే అంతకు రెండు రోజుల ముందే ఒక కాంట్రాక్టరు మా ఇంటికొచ్చి సరిగ్గా ఇదే చెప్పి వెళ్ళాడు. కుంగిన కమానుని కొట్టేసి ఆర్‌సీసీ లింటెల్, అంటే అడ్డంగా కాంక్రీటు దూలం, వేస్తారు. దాని ముందు కమానులా కనిపించేట్టు టైల్స్ అతికిస్తారు. రెండ్రోజుల పని, 18,000 రూపాయలు. "ఎవరికీ తేడా తెలీదు మేడం" అన్నాడు.

ఆ చివరి మాట దగ్గరే నాకు పేచీ వచ్చింది. కమాను కడితే బరువు మోసే కమానే కట్టాలి. మోసేది లింటెల్ అయితే ఆ లింటెల్నే కనపడనివ్వాలి. రెండిట్లో ఏది చేసినా నాకు గౌరవమే. ఒకటి లోపల మోస్తుంటే ఇంకోటి బయట నిలబడి మోస్తున్నట్టు కనిపించడమే నాకు మింగుడుపడలేదు. ఈ మాట ఇప్పుడు ఇంత తేలిగ్గా రాస్తున్నాను గానీ, దీని మీద నిలబడటానికి నెలలు పట్టింది. మధ్యలో మూడుసార్లు మనసు మార్చుకున్నాను.

పొయ్యి, పొగగూడు

మాది తాతయ్య కట్టించిన పెంకుటిల్లు. వంటిల్లు ఇంటికి ఆనుకుని వెనక వైపు ఉంటుంది. అందులో మోకాలెత్తు గట్టు, గట్టు మీద రెండు పొయ్యిలు, ఓ మూల పాలు కాగడానికి పిడకల దాలి. వీటన్నిటి మీదుగా ఈ గోడ నుంచి ఆ గోడకి ఐదడుగుల వెడల్పున ఇటుక కమాను. కమాను మీద ఆరడుగుల ఇటుక గోడ లేచి, పైకి పోయేకొద్దీ సన్నబడి, పెంకుల్లోంచి బయటికి పోతుంది. అదే పొగగూడు. పొయ్యిలోంచి లేచిన పొగ కమాను వెనక చేరి పైకి పోవాలి. సగం పోయేది, సగం ఇంట్లోనే ఉండేది.

అంటే ఈ కమాను అందం కోసం పెట్టింది కాదు. దాని పని దానికుంది. పొగగూటి ముందుగోడ మొత్తాన్ని అదే మోస్తోంది. వెలుపలి వైపు ఏటేటా సున్నం కొడుతూ వచ్చారు. లోపలి వైపు మాత్రం ఎన్నేళ్ళ మసో, కాటుకలా నున్నగా, చెయ్యి పెడితే జిడ్డుగా ఉండేది.

మొన్న కార్తీకంలో వానలు పడ్డాక ఓ పొద్దున చూస్తే కమాను నడినెత్తి కిందికి జారింది. కింద పడలేదు. రెండు వేళ్ళు పట్టేంత పగులు మధ్యలో నోరు తెరుచుకుంది.

కాళ్ళు చూడండి

మేస్త్రీ తెనాలి వైపు నుంచి వచ్చాడు. డెబ్భై దాటిన మనిషి. సున్నం పని తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడగ్గా అడగ్గా ఆయన ఆచూకీ దొరికింది. రాగానే కమాను వంక చూస్తాడనుకున్నాను. చూడలేదు. రెండు పక్క గోడల్నీ అరచేత్తో తట్టుకుంటూ వెళ్ళి, కుడివైపు అలమర దగ్గర ఆగాడు.

"ఇది ఎప్పుడు పెట్టారమ్మా?"

"1984లో. గ్యాసు వచ్చినప్పుడు."

"అదీ సంగతి. కమానుని చూడబాకండి, దాని కాళ్ళు చూడండి. కాలు తీసేస్తే నడుం వంగదా?"

గ్యాసు పొయ్యి వచ్చాక కట్టెల పొయ్యితో పని తగ్గింది. డబ్బాలు పెట్టుకోవడానికి నాన్న కుడివైపు గోడలో అలమర తొలిపించారు. కమాను పాదం ఆనే చోటికి జానెడు దూరంలో. అక్కడ గోడ మందం ఒకటిన్నర అడుగు. అలమర పోగా మిగిలింది అరడుగు. కమానుకి ఉన్న గుణమేంటంటే, అది బరువుని నేరుగా కిందికి దింపి ఊరుకోదు, పక్కలకి కూడా తోస్తుంది. ఆ తోపుకి రెండు పక్కలా ఎదురు నిలిచేది ఉన్నంతకాలం ఇటుకలు ఒకదాన్నొకటి గట్టిగా నొక్కుకుంటూ ఉంటాయి. ఇటుకకి నొక్కుడంటే లెక్కలేదు, లాగుడంటేనే భయం. ఒక పక్క గోడ సన్నబడి వెంట్రుకంత వెనక్కి జరిగితే చాలు, కమాను ఆ మేరకి సాగబడి నడినెత్తి దగ్గర కింద నుంచి విచ్చుకుంటుంది. అదే సమయంలో రెండు భుజాల దగ్గర పైనుంచి విచ్చుకుంటుంది. మేస్త్రీ టార్చి వేసి చూపించాడు. పగుళ్ళు సరిగ్గా ఆ మూడు చోట్లే ఉన్నాయి. మధ్యలో కింద, భుజాల దగ్గర పైన. తలుపు బందుల్లా మూడు చోట్ల మడత పడింది.

గుంటూరు నేల సంగతి ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. నల్లరేగడి వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. దాని మీద నిలబడ్డ ఇల్లు ఏడాదికోసారి ఎంతో కొంత మెదులుతుంది. ఆ మెదలడానికి సున్నం దరజులు, అంటే ఇటుకల మధ్య అతుకులు, సర్దుకుంటాయి. మా ఇంట్లో పదేళ్ళ క్రితం ఎవరో చెబితే నడినెత్తి పగులుకి సిమెంటు పట్టించాం. ఆ సిమెంటు ఇటుకకన్నా గట్టిది. మెదిలినప్పుడు తను చీలదు, పక్కనున్న ఇటుకని చీలుస్తుంది. ఇది పుస్తకం చదివి చెబుతున్న మాట కాదు. కమాను విప్పినప్పుడు నేనక్కడే కూర్చుని లెక్కపెట్టాను. రెండు వరసల్లో కలిపి నలభై ఇటుకలు. సున్నంతో ఉన్నచోట మేస్త్రీ తాపీ మడమతో ఒక్కటి తడితే ఇటుక విడిగా, శుభ్రంగా చేతిలోకి వచ్చింది. అలా ఇరవై తొమ్మిది వచ్చాయి. సిమెంటు పట్టించిన చోట ఉన్న పదకొండూ ముక్కలయ్యాయి. ఆ కుప్పలు రెండూ పక్కపక్కన వాకిట్లో రెండు వారాలు ఉన్నాయి. ఎవరొచ్చినా తీసుకెళ్ళి చూపించాను.

అలమర తొలిపించినందుకు నాన్నని తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. గోడ కేవలం గోడే అనుకున్నారు. మనందరం అనుకునేదీ అదే. ఏ గోడ ఏ బరువుకి ఎదురు నిలబడి ఉందో ఇంట్లోవాళ్ళకి చెప్పేవాళ్ళు ఉండరు. తెలిసిన తాపీ మేస్త్రీ పోతే ఆ సంగతి కూడా ఆయనతో పోతుంది.

అమ్మ మాట

నేను మేస్త్రీతో సున్నం గురించి, ఇటుకల గురించి ఉత్సాహంగా మాట్లాడుతుంటే అమ్మ వసారాలో కుర్చీలో కూర్చుని అంతా వింది. ఆయన వెళ్ళాక అంది:

"ఎవరి కోసం కడతన్నావే అది? మీ నాయనమ్మ దగ్గుతూ పోయింది ఆ పొయ్యి ముందు. నేను పద్దెనిమిదేళ్ళకి ఈ ఇంటికొచ్చా. తడి కట్టెలు ఊది ఊది నా కళ్ళు పోయినయ్. వానాకాలం వస్తే గూటిలోంచి పొగ వెనక్కి తన్నేది. మీరు సెలవులకొచ్చి చూసిన వంటిల్లు వేరు, నేను చేసిన వంటిల్లు వేరు."

నా దగ్గర సమాధానం లేదు. ఇప్పటికీ పూర్తిగా లేదు. ఇది మొదటిసారి నేను మనసు మార్చుకున్న చోటు. ఆ రాత్రే కాంట్రాక్టరుకి ఫోన్ చేసి లింటెల్ వేసేయమని చెబుదామనుకున్నాను. టైల్స్ వద్దు, పొయ్యి గట్టు కూడా తీసేయండి, నున్నగా గోడ కట్టేయండి అని.

పాత ఇళ్ళ గురించి మనం రాసుకునే రాతల్లో ఈ మాట సాధారణంగా ఉండదు. కట్టెల పొయ్యి రుచి ఉంటుంది, ఇత్తడి గిన్నె ఉంటుంది, తెల్లవారుజామున పొగమంచులో కలిసిన పొయ్యి పొగ ఉంటుంది. ఆ పొగ ఎవరి ఊపిరితిత్తుల్లోంచి వెళ్ళిందో ఉండదు. పాతదంతా మంచిదని నేను వాదిస్తే అమ్మ ముందు ఒక్క నిమిషం కూడా నిలవలేను. సున్నం సంగతే చూడండి. ఈ గడ్డ మీద సున్నం కోసం ఏం చేశారో అమరావతికి వెళ్ళొచ్చినవాళ్ళకి తెలుసు. అక్కడి బౌద్ధ స్తూపం మహాచైత్యం, దాని సున్నపురాతి పలకలు ఎన్నో సున్నపు బట్టీల్లోకి పోయాయి. 1816లో సర్వే అధికారి కాలిన్ మెకంజీ రెండోసారి వచ్చేసరికే ఆ స్తూపం దిబ్బ రూపు మారిపోయింది. పాతకాలపు పనివాళ్ళు మంచి సున్నం కాల్చారు, బొమ్మలు చెక్కిన రాళ్ళని కూడా కాల్చారు. కాబట్టి పాత చేతికి దండం పెట్టి ఊరుకుంటే సరిపోదు.

మరి ఎందుకు కట్టాలి? రెండ్రోజులు దీని మీదే ఆలోచించాను. చివరికి నాకు తోచింది ఇది. అమ్మని బాధపెట్టింది పొయ్యి. కమాను కాదు. కమాను ఇన్నేళ్ళూ ఆరడుగుల గోడ మా నాయనమ్మ తల మీదా అమ్మ తల మీదా పడకుండా ఆపింది. గూటిని తప్పుగా కట్టినందువల్ల పొగ వెనక్కి తన్నింది. గొంతు దగ్గర మరీ వెడల్పుగా వదిలేశారు, అందువల్ల పొగ ఊపందుకోలేకపోయేది. ఆ తప్పుకి కమానుని తీసేయడం న్యాయం కాదు. ఈ మాట అమ్మతో అంటే ఆవిడ ఒప్పుకోలేదు. కాదని కూడా అనలేదు. "పొయ్యి మాత్రం వెలిగించడానికి వీల్లేదు" అంది.

లింటెల్ తరఫున

మా మేనల్లుడు బెజవాడలో సైట్ ఇంజినీరు. లింటెల్ తరఫున వాదించింది వాడే, బాగా వాదించాడు.

"అత్తా, గోడలో రంధ్రం పెడితే పైన గోడంతా లింటెల్ మీద పడుతుందనుకుంటారు. పడదు. ఇటుకలు ఒకదాని మీద ఒకటి సగం సగం ఆని ఉంటాయి కదా, పైబరువు మెట్లు మెట్లుగా పక్కలకి దిగిపోతుంది. రంధ్రం మీద ఒక త్రికోణం మిగులుతుంది, లింటెల్ మోసేది దాన్నే. అందుకే ఆరంగుళాల కాంక్రీటు సరిపోద్ది. పక్క గోడల్ని తోసే గొడవ కూడా ఉండదు. కుడివైపు గోడ బలహీనంగా ఉందని మీ మేస్త్రే చెబుతున్నాడు. అలాంటప్పుడు తోసేదాన్ని తెచ్చి పెట్టడం ఎందుకు?"

ఇది గట్టి మాట. రెండోసారి నేను వెనక్కి తగ్గింది ఇక్కడే. కానీ వాడు చెప్పిన త్రికోణం నన్ను వదల్లేదు. లింటెల్ పైన గోడ తనంతట తానే పక్కలకి బరువు దింపుకుంటోందంటే, ఆ గోడలో కంటికి కనిపించని కమాను ఉన్నట్టే కదా. రాయీ ఇటుకా పేర్చినచోట బరువు తనకి నచ్చిన దారి పడుతుంది. కమాను కట్టేవాడు ఆ దారిని ముందే పసిగట్టి ఇటుకల్ని దాని వెంబడి పెడతాడు. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండ్ శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ ఈ రహస్యాన్ని పట్టుకున్నాడు. వేలాడే గొలుసు ఆకారాన్ని తలకిందులు చేస్తే అదే కమాను నిలబడే ఆకారం. ఎవరూ కాజేయకుండా ఆ వాక్యాన్ని అక్షరాలు తారుమారు చేసి అచ్చు వేయించాడు. విప్పి చెప్పింది ఆయన పోయిన తర్వాతే. నేను మెడలో గొలుసు తీసి రెండు చేతుల మధ్య వదులుగా పట్టుకుని మేనల్లుడికి చూపించాను. వాడికి తెలిసిన సంగతే. అయినా కాసేపు చూశాడు.

లింటెల్ తప్పు అని నేను అనడం లేదు. కొత్తగా కట్టుకునే ఇంట్లో నేనూ లింటెలే వేయిస్తాను. నా మాట ఒక్కటే. ఇక్కడ ఇటుకలున్నాయి, ఆనడానికి గోడలున్నాయి, కట్టగలిగిన చెయ్యి ఒకటి ఇంకా మిగిలి ఉంది. ఆ చెయ్యి ఉండగానే ఈ పని చేయించకపోతే, పదేళ్ళ తర్వాత మనకి మిగిలేవి టైల్సే. అప్పుడు అది మన ఇష్టం మీద ఉండదు.

మేకు, దారం

ముందు అలమర మూసేశారు. పాత ఇటుకలతో, సున్నంతో, గోడకి గోడ కలిసేట్టు పళ్ళు వదిలి కట్టి నెల రోజులు ఆరనిచ్చారు. ఈలోపు సున్నం సంగతి. మేస్త్రీ పొడి సున్నం సంచులు వద్దన్నాడు, రాతి సున్నమే కావాలన్నాడు. పిడుగురాళ్ళ నుంచి తెప్పించాం. పాత డ్రమ్ములో నీళ్ళు పోసి రాళ్ళు ఒక్కొక్కటే జారవిడుస్తుంటే నీళ్ళు కుతకుతలాడాయి. పిల్లల్ని దూరంగా ఉంచాడు, తను కళ్ళకి గుడ్డ అడ్డం పెట్టుకున్నాడు. చల్లారాక జల్లించి, వెన్నలా అయిన సున్నాన్ని మూడు వారాలు నీళ్ళ కింద ఉంచాడు. పలనాటి రాయిని బట్టీలో కాలిస్తే లోపలి బొగ్గుపులుసు గాలి పోతుంది. నీళ్ళు కలిపి గోడలో పెడితే అదే గాలిని బయట నుంచి మెల్లగా పీల్చుకుని తిరిగి రాయి అవుతుంది. తొందరపెడితే కాదు. మా కాంట్రాక్టరు రెండ్రోజుల్లో అయిపోతుందన్న పనికి ఇక్కడ సున్నం నానడానికే మూడు వారాలు పట్టింది.

దరజులకి ఒక పాలు సున్నం, ఒక పాలు ఇటుక పొడి, ఒక పాలు ఇసుక. పగిలిన పదకొండు ఇటుకల్నీ దంచి పొడి చేయించాడు. అవి అలా మళ్ళీ కమానులోకే వెళ్ళాయి.

ఇప్పుడు అసలు పని. కమాను వెడల్పు ఐదడుగులు, అంటే అరవై అంగుళాలు. మధ్యలో ఎత్తు తొమ్మిది అంగుళాలు. ఈ వంపు ఏ వృత్తంలో ముక్కో తెలిస్తే దాని నడిబొడ్డు ఎక్కడో తెలుస్తుంది. నేను కాగితం మీద వేశాను. వెడల్పులో సగం ముప్ఫై. ముప్ఫై ముప్ఫైల తొమ్మిది వందలు. దాన్ని తొమ్మిదితో భాగిస్తే వంద. దానికి తొమ్మిది కలిపి సగం చేస్తే యాభై నాలుగున్నర. కమాను నడినెత్తి నుంచి నాలుగడుగుల ఆరున్నర అంగుళాల కిందకి ఆ చోటు ఉండాలి. మేస్త్రీ నా కాగితం చూడలేదు. ఒక బద్ద నిలువుగా పాతి, దాని మీద మేకు పెట్టి, మేకుకి దారం కట్టి, దారం కొసని రెండు పాదాలు, నడినెత్తి అనే మూడు గుర్తుల మీదుగా తిప్పుతూ మేకుని పైకీ కిందికీ జరిపాడు. ఐదు నిమిషాల్లో కుదిరింది. టేపు పెట్టి కొలిచాను. యాభై నాలుగున్నరకి పావు అంగుళం తేడా.

ఆ దారం కథ అక్కడితో అయిపోలేదు. కమాను ఆరేదాకా కింద నిలిపే చెక్క సెంట్రింగ్ మీద రెండు పక్కల నుంచీ ఇటుకలు పేర్చుకుంటూ వచ్చేటప్పుడు ప్రతి ఇటుకకీ ఆ దారం లాగి పట్టి చూశాడు. ప్రతి దరజూ ఆ మేకు వైపే చూడాలి. ఇటుకలు చెక్కలేదు, నలుచదరంగానే ఉన్నాయి. అందుకని దరజు కింద అంగుళంలో మూడో వంతు ఉంటే పైన అర అంగుళం దాటింది. "తొమ్మిదంగుళాల మందంలో ఒకే వరస పెడితే పైన దరజు ముప్పావు అంగుళం దాటుద్దమ్మా. అప్పుడు మోసేది ఇటుక కాదు, సున్నం. అందుకే రెండు వరసలు." కింది వరసకి పంతొమ్మిది, పై వరసకి ఇరవై ఒకటి. రెండూ బేసి సంఖ్యలు, నడిమిన ఒక ఇటుక రావాలి కాబట్టి. తాతయ్య నాటి కమానులోనూ ఇవే లెక్కలు.

పగిలిన పదకొండుకి బదులు పెరటి ప్రహరీ కూలినప్పుడు దాచిన ఇటుకలు దొరికాయి. అదే ముద్ద, అదే కొలత. రాత్రంతా తొట్టిలో నానబెట్టాడు. పొడి ఇటుక సున్నంలో తడి లాగేస్తుందట.

కింది వరసలో నడిమి ఇటుక మిగిలింది. మేస్త్రీ అమ్మ వైపు తిరిగి, "పెద్దమ్మగారూ, మీ చేత్తో పెట్టండి" అన్నాడు. అమ్మ లేచి దగ్గరికి వచ్చింది. ఇటుక చేతిలోకి తీసుకుని చూసింది. ఒక వైపంతా మసి. "నా చేత్తో నేను పెట్టను. మీరే పెట్టండి" అని తిరిగి ఇచ్చేసింది. ఆయన ఇంకో మాట మాట్లాడలేదు. ఇటుకని మసి వైపు లోపలికి తిప్పి, చెక్కతో రెండు దెబ్బలు వేసి దింపాడు. అమ్మ కుర్చీలోకి వెళ్ళలేదు. సాయంత్రం పని ఆపేదాకా అక్కడే నిలబడి చూసింది.

గుంటుపల్లి వాసాలు

సున్నం ఆరే రోజుల్లో మూడో అనుమానం వచ్చింది. ఇది నేనే తెచ్చుకున్నది.

ఏలూరు దాటి కామవరపుకోట వైపు వెళితే గుంటుపల్లి గుహలు. అక్కడ గుండ్రటి చైత్యం, అంటే బౌద్ధుల ప్రార్థనా మందిరం, ఒకటి ఉంది, రెండు వేల ఏళ్ళ పైబడింది. లోపలికి వెళ్ళి పైకి చూస్తే గొడుగు పుల్లల్లా వాసాలు. కొయ్య వాసాలు కావు. కొండని తొలిచినవాళ్ళు, అప్పటి చెక్క ఇళ్ళ కప్పు ఎలా ఉండేదో అలాగే రాతిలో చెక్కారు. ఆ వాసాలు దేన్నీ మోయవు. పైన కొండ ఉంది, కొండ తనని తానే మోసుకుంటుంది. చిన్నప్పుడు ఆ కప్పు చూసి నోరు తెరుచుకుని నిలబడ్డాను. ఇప్పుడు తలుచుకున్నా ఒళ్ళు పులకరిస్తుంది.

మరి అది బెజవాడ ఫ్లాట్లో కమానుకంటే ఎందులో వేరు? మోయనిది మోస్తున్నట్టు కనిపించడమే తప్పయితే గుంటుపల్లి కూడా తప్పే. తప్పు కాదని నా మనసుకి తెలుసు. అయితే నా నియమం ఎక్కడో తప్పి ఉండాలి.

చాలా తిప్పుకున్నాను దీన్ని. గుంటుపల్లిలో చెక్కినవాడు ఎవరికీ తేడా తెలియకూడదని చెక్కలేదు. కొండ లోపల నిలబడ్డవాడికి ఇది కొండ అని తెలుస్తూనే ఉంటుంది. తాము విడిచి వచ్చిన చెక్క ఇంటిని ప్రేమగా రాతిలో గుర్తు పెట్టుకున్నారు. బహుశా మా చుట్టాలావిడ చేసిందీ అదే. ఆవిడ పుట్టిల్లు పొన్నూరు దగ్గర పెద్ద మండువా ఇల్లు, అమ్మేశారు. ఆ టైల్స్ ఆవిడకి ఆ ఇంటి గుర్తేమో. ఆ రోజు ఫ్లాట్లో నాకు కలిగిన అసహనం ఆవిడ మీద న్యాయం కాదు. దాన్ని ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

కానీ మా ఇంటి విషయంలో మాట మార్చుకోను. అక్కడ గుర్తు పెట్టుకోవడానికి అసలుది లేదు. ఇక్కడ అసలుదే ఉంది, కుంగి ఉంది, బాగు చేస్తే నిలబడుతుంది. ఉన్నదాన్ని కొట్టేసి దాని బొమ్మని దాని స్థానంలో అతికించడం వేరే సంగతి. మనిషి మంచం మీద ఉండగానే గోడకి ఫోటో పెట్టి దండ వేసినట్టు ఉంటుంది.

ఊచ

మేనల్లుడు ఇంకో మాట పట్టుకొచ్చాడు. 2002 నాటి భూకంపాల మ్యాపులో మన ప్రాంతం జోన్ 3, అంటే ఓ మోస్తరు ప్రమాదం ఉన్నది. తక్కువ బలం ఉన్న కట్టుబడుల్లో కమానులు బలహీనతకి మూలమని, వాటిని మానుకోవాలని, తప్పనిసరైతే ఉక్కు ఊచతో బిగించాలని మన దేశపు ప్రమాణాల్లోనే రాసి ఉంది. "నీ వాదన నాకు నచ్చింది అత్తా. కానీ నేల ఊగినప్పుడు నీ గోడలు రెండూ ఒకే వైపు ఊగుతాయని రాసిస్తావా?"

మేస్త్రీకి కోపం వచ్చింది. తన చేతి మీద నమ్మకం లేదా అన్నాడు. ఆయన చేతి మీద నాకు నమ్మకం ఉంది, రేగడి మీదే లేదు. పాత రైల్వే కట్టడాల్లో ఇనప దూలాల మధ్య ఇటుక కమానుల కప్పులు వేసినవాళ్ళు కూడా కడ్డీలతో బిగించుకున్నారు. అది పనివాడికి అవమానం కాదు. ఇదంతా చెబితే కాసేపు మౌనంగా ఉండి, ఒక్క మాటన్నాడు:

"పెట్టండమ్మా. కానీ ఊచ పెడితే కింద పొయ్యి వెలిగించకూడదు. సెగ తగిలితే ఇనుము సాగుద్ది. సాగితే ఇంక పట్టేదేముంది?"

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ మేస్త్రీ వైపు చూసి, "అయితే పెట్టమను" అంది. ఈ పని మొత్తంలో అమ్మ సరే అన్నది ఈ ఒక్క దానికే.

పదహారు మిల్లీమీటర్ల స్టీలు ఊచ, రెండు చివరలా గోడ అవతల పలకలు, నట్లు. కమాను పాదాల మట్టంలో ఈ గోడ నుంచి ఆ గోడకి అడ్డంగా ఉంది. ఇటుకలో దాచేద్దామా అని మేనల్లుడు అడిగాడు. వద్దన్నాను. అది కూడా మోస్తోంది కదా, కనపడనివ్వాలి. ఇంటికొచ్చినవాళ్ళు అందరూ ముందు ఊచ గురించే అడుగుతారు. చెబుతాను.

మొత్తం ఖర్చు ఊచతో కలిపి 31,000. కాంట్రాక్టరు చెప్పినదానికి పదమూడు వేలు ఎక్కువ. ఆ తేడా భరించగలిగాం కాబట్టి ఈ వాదన చేస్తున్నానన్న మాట నిజమే. భరించలేనివాళ్ళకి నేను చెప్పేది లింటెల్ వేసుకోండనే. లింటెల్ని లింటెల్‌లాగే వదిలేయండి. సున్నం కొడితే అదీ బాగానే ఉంటుంది.

అద్దం ముక్క

ఇరవై ఒక్క రోజులు తడి గోనె సంచులు కప్పి ఉంచాం. ఇరవై రెండో రోజు మేస్త్రీ సెంట్రింగ్ కింద ఏటవాలు చెక్కముక్కల్ని ఒక్కో దెబ్బ వేసి కాస్త వదులు చేశాడు. పూర్తిగా తీయలేదు. కమాను తన బరువు తాను మెల్లగా అందుకోవాలన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, టెన్షన్. తెల్లారి ఇంకో రెండు దెబ్బలు వేశాడు. చెక్కకీ ఇటుకకీ మధ్య సందు కనిపించింది. అవతలి వెలుగు సన్నటి గీతలా ఇవతలికి వచ్చింది. ముందే కట్టి ఉంచిన దారంతో పోల్చి చూస్తే నడినెత్తి దిగింది పోస్టుకార్డు మందం. చాలాసేపు చూశాం. అంతకుమించి దిగలేదు.

మేనల్లుడు నడినెత్తి దగ్గర, రెండు భుజాల దగ్గర దరజులకి అడ్డంగా సన్నటి గాజు ముక్కలు అతికించి తారీఖు రాశాడు. గోడ మెదిలితే గాజు పగులుతుంది.

రోహిణిలో రోళ్ళు పగిలే ఎండలు పోయాయి. మృగశిర వచ్చి రేగడి నీళ్ళు తాగింది. తుఫాను వానలు కూడా వచ్చి వెళ్ళాయి. కుడి భుజం దగ్గర గాజు జూలైలో చీలింది. వెంట్రుక మందం. అలమర మూసిన వైపే. మేస్త్రీకి ఫోన్ చేస్తే, ఇంకోటి అతికించి చూడండి, కొత్త గోడ పాత గోడతో సర్దుకుంటా ఉండొచ్చు అన్నాడు. అతికించాం. అది ఇప్పటిదాకా అలాగే ఉంది.

వేసవిలో అమ్మ ఆవకాయ జాడీలు తీసుకెళ్ళి పొయ్యి గట్టు మీద వరసగా పెట్టించింది. అక్కడ చల్లగా, చీకటిగా ఉంటుందట. పొద్దున్నే ఊరగాయ తీయడానికి వెళ్ళినప్పుడల్లా కమాను కింద తల వంచి పైకి చూస్తుంది. వచ్చాక నేనే అడుగుతాను, "గాజు ఎలా ఉందమ్మా?" అని.

"ఉంది" అంటుంది.